ట్రాకియాస్టమీ, పెగ్ ట్యూబ్ ఉన్న నాన్నగారికి కేర్ సెంటర్ ఎలా ఎంచుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నాన్నగారికి 68 ఏళ్లు. ఆరు వారాల కిందట పెద్ద స్ట్రోక్ వచ్చింది. ఇప్పుడు ఊపిరికి మెడ దగ్గర ట్రాకియాస్టమీ ట్యూబ్, ఆహారానికి పొట్టలోకి పెగ్ ట్యూబ్, మూత్రానికి కాథెటర్ ఉన్నాయి. షుగర్‌కి ఇన్సులిన్ నడుస్తోంది. కుడివైపు కదలిక లేదు, మాట లేదు. పది రోజుల్లో డిశ్చార్జ్ అంటున్నారు, ఇంట్లో చూసుకునే వీలు లేదు. రెండు చోట్లు చూశారు. ఒకటి కొత్త బిల్డింగ్, తోట, విశాలమైన గదులు, ఫిజియోథెరపీ హాలు. ఇంకోటి పాతది, ఇరుకుది, కానీ పడకలు తక్కువ. మీకు మొదటిది నచ్చింది, మీ అన్నయ్య రెండోదే అంటున్నారు. ఏది మంచిదని అడిగారు.

నేను నర్సుని. 24 ఏళ్ల సర్వీసు. మొదటి పదకొండేళ్లు ఐసీయూలో, తర్వాత ఐదేళ్లు మంచం పట్టినవాళ్లను చూసే ఒక కేర్ సెంటర్‌లో చేశాను. ఈ ఎనిమిదేళ్లుగా నా పని డిశ్చార్జ్ అయ్యేవాళ్లను ఎక్కడికి పంపాలి, ఎలా పంపాలి అని చూడడమే.

సూటిగా చెప్తాను. బిల్డింగ్‌ని పక్కన పెట్టి రాత్రి షిఫ్ట్‌ని చూసి ఎంచుకోండి. రాత్రి రెండింటికి కఫం గట్టిపడి ట్యూబ్ మూసుకుపోతే నాన్నగారి మంచం దగ్గరికి ఎవరొస్తారు? ఎన్ని నిమిషాల్లో వస్తారు? వచ్చిన మనిషికి ఆ పని చేతనవునా? ఈ మూడింటికీ సరైన జవాబు ఏ చోట దొరికితే అదే మీ చోటు. మీరు రాసినదాన్ని బట్టి నా మొగ్గు మీ అన్నయ్య వైపే ఉంది. అయితే పడకలు తక్కువ ఉన్నంత మాత్రాన నర్సులు సరిపడా ఉన్నట్టు కాదు. అది ఒకసారి రాత్రిపూట వెళ్లి చూస్తేనే తెలుస్తుంది.

రాత్రి మీద నాకింత పట్టుదల ఎందుకో చెప్పాలి. పగలు ఏ సెంటర్ అయినా బాగానే కనిపిస్తుంది. మేనేజర్ ఉంటారు, ఫిజియో ఉంటారు, సీనియర్ నర్సులంతా పగలే ఉంటారు, మీలాంటివాళ్లు చూడడానికి వచ్చేదీ పగలే. రాత్రి తొమ్మిది దాటాక అదే ఫ్లోర్‌లో ఒక నర్సు, ఇద్దరు అటెండర్లు మిగలొచ్చు. ట్యూబ్ మూసుకుపోయిన మనిషికి మనకున్న టైం నిమిషాల్లోనే. నాన్నగారు కేక వేయలేరు, కుడిచేయి పని చేయదు కాబట్టి బెల్ ఎడమవైపు లేకపోతే అదీ నొక్కలేరు. నర్సుల సంఖ్య ఎంత తేడా చేస్తుందో చెప్పే పేరున్న అధ్యయనం ఒకటుంది. లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో ప్రచురించింది. ఒక్కో నర్సు మీద అదనంగా పడే ఒక్కో రోగికి, ఆపరేషన్ అయినవాళ్లలో 30 రోజుల్లోపు మరణం సంభవించే అవకాశం 7 శాతం పెరుగుతున్నట్టు అందులో తేలింది. అది ఆసుపత్రుల లెక్క, కేర్ సెంటర్లది కాదు, ఆ అంకెను యథాతథంగా ఇక్కడ వాడకూడదు. కానీ ఐసీయూలో ఇద్దరిని చూసిన నేనే కేర్ సెంటర్‌లో రాత్రి ఇరవై ఆరు మందిని చూశాను. తేడా నా చేతులకు తెలుసు.

ఇక్కడే ఇంకో మాట. బ్రోచర్లలో "24 గంటలూ డాక్టర్" అని ఉంటుంది చూశారా, దానికి మూడు అర్థాలున్నాయి. డాక్టర్ బిల్డింగ్‌లో డ్యూటీలో ఉండడం, డాక్టర్ పక్క గదిలో నిద్రపోవడం, డాక్టర్ ఫోన్‌లో దొరకడం. మూడో రకం కూడా తప్పేమీ కాదు, నర్సు గట్టిదైతే. కానీ మీకు ఏది అమ్ముతున్నారో మీకు తెలియాలి. "నిన్న రాత్రి డ్యూటీ డాక్టర్ ఎవరు, ఎక్కడ ఉన్నారు?" అని అడగండి. "ఎప్పుడూ ఉంటారండీ" అన్నది దీనికి జవాబు కాదు.

ఈ రెండింటిలో దేన్నీ ఇంకోసారి చూడకముందే ఒక కాగితం రాయండి. డిశ్చార్జ్ సమ్మరీలో జబ్బుల పేర్లుంటాయి. ఆ జబ్బుల వల్ల రోజంతా ఎవరో ఒకరు చేయాల్సిన పని మాత్రం అందులో ఉండదు. ఒక రోజు పొద్దున్న నుంచి మర్నాడు పొద్దున్న వరకు వార్డులో మీరు, మీ అన్నయ్య వంతులేసుకుని కూర్చోండి. నాన్నగారికి ఎవరు ఏ పని చేసినా టైంతో సహా రాయండి. 5:40కి సక్షన్, అంటే మెషిన్‌తో ట్యూబ్‌లోని కఫం లాగేయడం. 6:00కి షుగర్ టెస్ట్, ఇన్సులిన్. 6:10కి ఫీడ్. 7:15కి మళ్లీ సక్షన్, కఫం చిక్కగా ఉంది. 8:00కి ఎడమ పక్కకు తిప్పారు, ఇద్దరు పట్టారు. ఇలా. ప్రతి పని పక్కన చేసింది నర్సా, అటెండరా అన్నది కూడా రాయండి.

పొద్దునకి మీ చేతిలో ఉండే కాగితం ఏ రిపోర్ట్ కన్నా ఎక్కువ పనికొస్తుంది. ఒకసారి ఒక కుటుంబం "అప్పుడప్పుడు సక్షన్ చేస్తారు" అని ఒక సెంటర్‌కి చెప్పి ఒప్పించింది. నేను చార్ట్ చూసి లెక్కేస్తే రోజుకి 14 సార్లు, అందులో రాత్రి పది నుంచి ఆరు లోపల ఐదు సార్లు. అదే అంకె చెప్పాక ఆ సెంటర్ వాళ్లు కాసేపు మౌనంగా ఉండి, "మా వల్ల కాదండీ" అన్నారు. వాళ్లంటే నాకు ఆ రోజే గౌరవం పెరిగింది. తర్వాత తక్కువ అవసరాలున్నవాళ్లను ఎంతోమందిని ధైర్యంగా అక్కడికే పంపాను. మా వల్ల కాదని చెప్పగలిగే చోటు, మా వల్ల అవుతుందని చెప్పినప్పుడు నమ్మొచ్చు. అన్నింటికీ తల ఊపే చోటు దగ్గర జాగ్రత్త.

ఇప్పుడు ట్యూబ్ సంగతి. నాన్నగారి విషయంలో అన్నింటికన్నా ముందు చూడాల్సింది ఇదే, కాబట్టి దీని మీదే ఎక్కువ రాస్తున్నాను.

వాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న, "ఇప్పుడు మీ దగ్గర ట్రాకియాస్టమీ ఉన్నవాళ్లు ఎంతమంది?" ఒక్కరూ లేకపోతే, చివరిసారి ఎప్పుడు ఉన్నారు? నర్సులకు నేర్పించారు అంటే సరిపోదు. చెయ్యి తిరగాలంటే రోజూ చేస్తుండాలి. రెండో ప్రశ్న, "ఎవరికైనా ట్యూబ్ ఊడి వచ్చేసిందా? అప్పుడు ఏం చేశారు?" ఇక్కడ జవాబుతో పాటు ముఖం కూడా చూడండి. "మా దగ్గర అలాంటివి జరగవు" అంటే నాకు భయమేస్తుంది. ట్యూబ్ ఉన్న చోట ఊడడం కూడా ఉంటుంది, దగ్గు వచ్చినప్పుడో, పక్క తిప్పేటప్పుడో. "ఒకసారి జరిగింది, అదే సైజు లోపలికి పోలేదు, చిన్నది పెట్టాం, అంబులెన్స్ పిలిచాం" అని చెప్పిన నర్సు దగ్గర మా సొంత మనిషినైనా వదులుతాను.

మంచం దగ్గర ఏమేం ఉండాలో మీరే గుర్తుపెట్టుకోండి. నాన్నగారికి ఉన్న సైజు ట్యూబ్ ఒకటి, అంతకన్నా ఒక సైజు చిన్నది ఒకటి, ట్యూబ్‌ను లోపలికి దారి చూపించే ఆబ్ట్యురేటర్ అనే పుల్ల, పనిచేసే సక్షన్ మెషిన్, ఆక్సిజన్, చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగ్. ఇవి స్టోర్ రూంలో ఉన్నాయంటే లేనట్టే లెక్క.

సక్షన్ మెషిన్ చూపించమంటే చాలామంది చూపిస్తారు. మీరు ఇంకొంచెం ముందుకెళ్లి ఆన్ చేయమనండి. పైపు కొనను బొటనవేలితో మూసి మీటర్ ముల్లు చూడమనండి, ముల్లు లేవాలి. నేను ఒక చోట ఇలాగే అడిగాను. మెషిన్ తళతళా మెరుస్తోంది, మోటార్ గట్టిగా తిరుగుతోంది, ముల్లు మాత్రం కదల్లేదు. చూస్తే జార్ మూత పగిలి ఉంది, దాని మీద బ్యాండేజీ ప్లాస్టర్ అంటించి ఉంది. గాలంతా అక్కడి నుంచే పోతోంది. అంటే ఆ ప్లాస్టర్ అంటించిన రోజు నుంచి దాన్ని ఎవరూ నిజంగా వాడలేదన్నమాట. కరెంటు పోతే ఎలా అన్నది కూడా అప్పుడే అడగండి. జనరేటర్ అందుకునే లోపు నడవడానికి బ్యాటరీ ఉన్నదో, కాలితో తొక్కే సక్షనో ఉండాలి.

ఇంకో విషయం. మాట లేదన్నారు. అందులో స్ట్రోక్ వల్ల ఎంత, ట్యూబ్ వల్ల ఎంత అన్నది మీ డాక్టర్‌ని అడిగారా? ట్రాకియాస్టమీ ఉన్నప్పుడు గాలి స్వరపేటికలోంచి పోకుండా మెడ దగ్గరే బయటికి వస్తుంది కాబట్టి, మాట బాగున్నవాళ్లకు కూడా గొంతు రాదు. కొందరికి మాట రావడానికి ట్యూబ్ మీద స్పీకింగ్ వాల్వ్ పెడతారు, అది గాలిని లోపలికి మాత్రమే పోనిస్తుంది. దాన్ని పెట్టే ముందు కఫ్‌లోని, అంటే ట్యూబ్ చుట్టూ లోపల ఉబ్బి ఉండే బుడగలోని గాలి పూర్తిగా తీసేయాలి, లేదంటే పీల్చిన ఊపిరి బయటికి పోయే దారే ఉండదు. ఈ ఒక్క ముక్క సెంటర్ నర్సుకి తెలుసో లేదో మాటల్లో కనుక్కోండి, ఆవిడ అనుభవం ఎంతో మీకు తెలిసిపోతుంది. అసలు ఈ ట్యూబ్ జీవితాంతమా, కొన్నాళ్లకు తీసేసే ఆలోచన ఉందా అన్నది కూడా డిశ్చార్జ్‌కి ముందే స్పష్టంగా అడగండి. తీసే ఆలోచన ఉంటే స్పీచ్ థెరపిస్ట్ వచ్చి మింగడం పరీక్షించగలిగే చోటే కావాలి, అప్పుడు మీ లెక్క కొంత మారుతుంది.

మీకు మొదటి చోటు నచ్చడంలో తప్పేమీ లేదు. స్ట్రోక్ తర్వాత కోలుకోవడంలో ఎక్కువ భాగం మొదటి కొన్ని నెలల్లోనే జరుగుతుంది, ఆరు వారాలకే ఫిజియోని వదిలేయకూడదు. కాకపోతే ఆ హాలు నడవగలిగేవాళ్లకు, కనీసం కూర్చోగలిగేవాళ్లకు. నాన్నగారికి ఇప్పుడు కావాల్సింది మంచం దగ్గరికొచ్చి చేతులూ కాళ్లూ కదిలించే మనిషి, ఛాతీకి ఫిజియో చేసి కఫం వదులు చేసే మనిషి. వారానికి ఎన్ని రోజులు, ఎంతసేపు, ఆదివారం ఉంటుందా అని అడగండి. హాలు ఫొటో చూసి మురిసిపోవద్దు.

ఫీడ్ గురించి. పెగ్ ట్యూబ్ ఉన్నవాళ్లకు ఫీడ్ ఇచ్చేటప్పుడూ, ఇచ్చాక కనీసం అరగంట నుంచి గంట వరకూ తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తుగా ఉండాలి. లేకపోతే పొట్టలోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయి నెమ్ము చేస్తుంది. ఫీడ్ టైంలో వెళ్లి మంచాలు ఎలా ఉన్నాయో ఒక్క చూపు చూస్తే చాలు. మందులు ఎలా వేస్తున్నారో కూడా చూడండి. అన్ని మాత్రలూ కలిపి నూరి ఒకేసారి పోసేస్తుంటే ట్యూబ్ మూసుకుపోతుంది. ఒక్కోటి విడిగా, ముందూ వెనకా నీళ్లతో వేయాలి. మెల్లగా కరిగే రకం మాత్రలను అసలు నూరకూడదు. డిశ్చార్జ్‌కి ముందే మందుల చీటీ ఫార్మసిస్ట్‌కి చూపించి, ట్యూబ్‌లో పనికిరానివి మార్పించుకోండి.

ఇన్సులిన్, ఫీడ్ రెండూ ఒకే మనిషి చేతిలో ఉండాలి. చాలామంది దీన్ని పట్టించుకోరు. ఏ వాంతో అయి ఫీడ్ ఆపుతారు. ఫీడ్ ఆగిన సంగతి ఇన్సులిన్ వేసే మనిషికి తెలియదు, చీటీలో ఉంది కాబట్టి వేసేస్తారు. షుగర్ 70 కంటే కిందికి పోయినా, మామూలు మనిషైతే కళ్లు తిరుగుతున్నాయని చెప్తాడు. నాన్నగారు చెప్పలేరు. చెమట పట్టినా, మగతగా ఉన్నా నిద్రపోతున్నారనుకుంటారు. "ఫీడ్ ఆపాల్సి వస్తే ఇన్సులిన్ సంగతి ఏం చేస్తారు?" అని రెండు చోట్లా అడగండి. "ముందు షుగర్ చూస్తాం, డాక్టర్‌కి ఫోన్ చేస్తాం" అన్న జవాబు వెంటనే రావాలి, ఆలోచించుకుని కాదు.

బెడ్ సోర్స్ గురించి అందరూ అడుగుతారు, అందరూ "రెండు గంటలకోసారి తిప్పుతాం" అనే చెప్తారు. కాబట్టి అలా అడగకండి. "నాన్నగారి బ్రేడెన్ స్కోర్ ఎంత ఉంటుందనుకుంటున్నారు?" అనండి. చర్మానికి ఉన్న ముప్పును అంచనా వేసే పద్ధతి అది, 1987 నుంచి వాడుకలో ఉంది. 6 నుంచి 23 వరకు ఉంటుంది, ఎంత తక్కువైతే అంత ముప్పు. ఆ పేరు తెలిసిన చోట చర్మం గురించి కనీసం ఒక్కరైనా ఆలోచిస్తున్నారని అర్థం. మీరు కూడా ఈ వారంలో వార్డు నర్సు పక్కనే నిలబడి నాన్నగారి తోకెముక దగ్గర, మడమల మీద, చెవుల వెనక చూడడం నేర్చుకోండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే పుండుకి అది మొదటి దశ. డిశ్చార్జ్ రోజు ఆ భాగాలను ఫొటో తీసి తేదీ రాసి పెట్టుకోండి, సెంటర్‌లో చేరిన రోజు వాళ్ల ముందే మరోసారి చూపించండి. పుండు ఎక్కడ మొదలైందన్న గొడవలు నేను లెక్కలేనన్ని చూశాను.

తిప్పిన టైం రాసే చార్ట్ కూడా అడిగి చూడండి. ఒక సెంటర్‌కి సాయంత్రం నాలుగింటికి వెళ్లాను. మంచం చివర చార్ట్ వేలాడుతోంది. అందులో ఆరింటికీ, ఎనిమిదింటికీ కూడా అప్పుడే టిక్కులు పడి సంతకాలు అయిపోయి ఉన్నాయి. నర్సును పక్కకి పిలిచి మెల్లగా అడిగాను. చిన్నపిల్ల, కళ్లనీళ్లు పెట్టుకుంది. "సాయంత్రం నేనొక్కదాన్నే మేడం, అప్పుడు రాసే టైం ఉండదు, అందుకే ముందే రాసేస్తాను, తిప్పడం మాత్రం తిప్పుతాను" అంది. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఆ పిల్లను ఒక్కదాన్నే వదిలిన చోటుకి మాత్రం ఎవరినీ పంపలేదు.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి, మీకు పనికొస్తుంది కాబట్టి. పార్కిన్సన్స్ ఉన్న ఒక పెద్దాయనను నేనే దగ్గరుండి ఒక మంచి సెంటర్‌కి పంపాను. మందుల లిస్ట్‌లో లెవోడోపా "రోజుకి 5 సార్లు" అని రాశాను. టైం రాయలేదు. ఆ సెంటర్‌లో మందుల రౌండ్లు రోజుకి నాలుగే. వాళ్లు ఐదో డోసును రాత్రి రౌండ్‌లో కలిపేశారు, మిగతావి వాళ్ల టైంకి జరిపేశారు. మూడో రోజుకి ఆయన కర్రలా బిగుసుకుపోయారు, మింగలేకపోయారు. ఆందోళనగా ఉన్నారని ఎవరో హాలోపెరిడాల్ రాశారు. పార్కిన్సన్స్‌లో అసలు వాడకూడని మందుల్లో అదొకటి, మెదడులో ఉన్న కాస్త డోపమైన్‌ను కూడా పనిచేయనివ్వదు. ఆయన మళ్లీ ఆసుపత్రికొచ్చారు, కోలుకోవడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. అప్పటి నుంచి నేను రాసే లిస్ట్‌లో ప్రతి మందుకీ గడియారం టైం ఉంటుంది, పైన ఎర్ర ఇంకుతో "ఇవ్వకూడని మందులు" అని ఇంకో వరుస ఉంటుంది. మీ నాన్నగారిదీ అలాగే రాయించుకోండి. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మారే రోజున జరిగినన్ని మందుల పొరపాట్లు మామూలు రోజుల్లో జరగవు.

చూడడానికి ఎప్పుడు వెళ్లాలి? చెప్పకుండా వెళ్లండి. ఒకసారి ఆదివారం మధ్యాహ్నం, ఒకసారి రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య, షిఫ్ట్ మారే టైంలో. రాత్రి లోపలికి రానివ్వరు, అది సహజం, మిగతావాళ్ల నిద్ర కూడా చూడాలి కదా. రిసెప్షన్‌లో కూర్చున్నా చాలు. బెల్ మోగినప్పుడు వాచీ చూసుకోండి. అక్కడి నుంచి కనిపించినంతలో, దిగిపోయే నర్సు ఎక్కే నర్సుకి మంచం దగ్గర నిలబడి అప్పజెప్తోందా, లేక బ్యాగ్ భుజాన వేసుకుని నడుస్తూ చెప్తోందా చూడండి.

నాన్నగారిలాంటి మనిషి అక్కడ ఎవరైనా ఉంటే, ఇంటివాళ్ల అనుమతితో ఒక్క నిమిషం చూడండి. పెదాలు ఎండి పగిలి ఉన్నాయా, నోరు శుభ్రంగా ఉందా, గోళ్లు పెరిగాయా, యూరిన్ బ్యాగ్ మూత్రాశయం కన్నా కిందికి వేలాడుతోందా, నేల మీద పడి ఉందా. వాసన కూడా గమనించండి. ఒకరి దగ్గర మూత్రం వాసన వస్తే ఇప్పుడే అయ్యుంటుంది, మార్చబోతుంటారు. కారిడార్ మొత్తం వస్తే అది అలవాటు.

వీటన్నిటి కన్నా నేను ఎక్కువ నమ్మే గుర్తు ఒకటుంది. మాట రాని మనిషిని పక్కకు తిప్పే ముందు ఆ నర్సో, అటెండరో "ఇటు తిప్పుతున్నానండీ" అని ఆయనకి చెప్తున్నారా? లేక ఆయన మీదుగా ఒకరితో ఒకరు కబుర్లు చెప్పుకుంటూ మూటలా తిప్పేస్తున్నారా? స్ట్రోక్‌లో మాట పోయినవాళ్లలో చాలామందికి ఎంతో కొంత అర్థమవుతూనే ఉంటుంది.

కాగితాల విషయం త్వరగా చెప్పేస్తాను. సక్షన్ కాథెటర్లు (కఫం లాగే సన్నటి గొట్టాలు), డైపర్లు, డ్రెస్సింగ్, ఫీడ్ ఫీజులో కలిసే ఉన్నాయా, విడిగా వేస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ఏ ఆసుపత్రి, ఎవరు వెంట వస్తారు, ఎన్ని రోజులు పడక ఉంచుతారు అన్నది కూడా. ఏ పరిస్థితిలో మీకు ఫోన్ చేస్తారో, ఏ పరిస్థితిలో ముందు అంబులెన్స్ పిలిచి తర్వాత మీకు చెప్తారో ముందే మాట్లాడుకోండి. కష్టమైన మాట ఒకటుంది, అదీ మీరూ అన్నయ్యా ఇప్పుడే మాట్లాడుకోవాలి. పరిస్థితి విషమిస్తే మళ్లీ వెంటిలేటర్ వరకు వెళ్లాలా, వద్దా? నాన్నగారు ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎప్పుడైనా ఏమైనా అన్నారా? రాత్రి రెండింటికి ఫోన్ వచ్చినప్పుడు తేల్చుకునే విషయం కాదది.

దూరం గురించి మీరు అడగలేదు, నేనే చెప్తున్నాను. రెండు చోట్లూ ఇంచుమించు సమానంగా అనిపిస్తే దగ్గరిది తీసుకోండి. ఇంటివాళ్లు వేళ కాని వేళ వచ్చిపోయే పడకను స్టాఫ్ తెలియకుండానే ఎక్కువసార్లు చూస్తారు. ఇది న్యాయం కాదు, కానీ నేను చూసింది ఇదే. అలాగని వచ్చిన ప్రతిసారీ తప్పులు వెతకొద్దు. రాత్రి నర్సు పేరు తెలుసుకోండి, బాగా చూసిన రోజు బాగా చూశారని చెప్పండి.

మీ అన్నయ్యతో గొడవ గురించి కూడా ఒక మాట. బహుశా మీరు గదిని చూసి ఉంటారు, ఆయన నర్సును చూసి ఉంటారు. ఆ కాగితం ఇద్దరూ కలిసి రాశాక, రెండు చోట్లకీ కలిసే వెళ్లి ఒక్కో వరుసా చదివి "ఇది ఎవరు చేస్తారు?" అని అడగండి. చాలా ఇళ్లలో వాదన అక్కడితో ఆగిపోవడం చూశాను, జవాబులు విన్నాక ఇద్దరి ముఖాలూ ఒకే వైపు తిరుగుతాయి. కొత్త బిల్డింగ్‌లో రాత్రి కూడా ట్యూబ్ తెలిసిన నర్సు మెలకువగా ఉంటుందని తేలితే, నా మొగ్గు పక్కన పెట్టి అక్కడే చేర్చండి. రెండు చోట్లా సరైన జవాబు రాకపోతే రెండూ వద్దు. డిశ్చార్జ్ కొన్ని రోజులు వాయిదా వేయమని అడిగే హక్కు మీకుంది, మొహమాటపడకండి. "సురక్షితంగా చూసే చోటు ఇంకా దొరకలేదు, ఇదిగో ఆయనకి రోజుకి కావాల్సిన పని" అని అదే కాగితం డాక్టర్ ముందు పెట్టండి.

చేర్చే రోజు వారం మధ్యలో, మధ్యాహ్నం లోపు ఉండేలా చూసుకోండి. శుక్రవారం సాయంత్రం వద్దు. శని, ఆదివారాల్లో కొత్త స్టాఫ్, తెరవని ఫార్మసీ, దొరకని డాక్టర్, అన్నీ కలిసొస్తాయి. ఆసుపత్రి నుంచి బయల్దేరేటప్పుడే రెండు రోజులకు సరిపడా సక్షన్ కాథెటర్లు, విడి ట్యూబులు రెండూ మీ బ్యాగ్‌లో ఉండాలి, సామాను తెప్పిస్తున్నామని సెంటర్ వాళ్లు చెప్పినా సరే. మొదటి మూడు రాత్రులు మీలో ఒకరు అక్కడ ఉండడానికి సెంటర్ వాళ్లను ముందే ఒప్పించుకోండి. కుదరదంటే ఎందుకో అడగండి. వార్డులో ఉన్న ఈ పది రోజుల్లోనే మీ ఇద్దరూ సక్షన్ చేయడం నేర్చుకుంటే ఇంకా మంచిది. సక్షన్ కాథెటర్ ట్యూబ్ లోపలికి పెట్టి తీసేదాకా 15 సెకన్లు దాటకూడదు, మధ్యలో ఊపిరి తీసుకోనివ్వాలి, మిగతాది నర్సు చెయ్యి పట్టుకుని నేర్పిస్తుంది. మీరు చేయడానికి కాదు, ఎదుటివాళ్లు సరిగ్గా చేస్తున్నారో లేదో చూస్తే తెలియడానికి.

చివరగా ఒక అట్ట ముక్క తయారు చేయండి. ట్యూబ్ సైజు, చివరిసారి మార్చిన తేదీ, కఫ్ ఉందా లేదా, పడని మందులు, మీ ఇద్దరి ఫోన్ నంబర్లు. దాని కింద, ఆయన్ని ఏమని పిలిస్తే కళ్లు తెరుస్తారో ఆ పిలుపు. ఎడమచేతిని ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లు నొక్కితే కాదు లాంటి సైగ ఏదైనా వార్డులో కుదిరి ఉంటే అదీ రాయండి. బెల్ ఎడమచేతికి అందేలా పెట్టమని రాయండి. లైట్లు తగ్గించాక కూడా కనిపించేంత పెద్ద అక్షరాలతో రాసి, మంచం తలవైపు గోడకి అంటించండి.